ఆరోగ్య చిత్రముల భద్రత: ఒక ఫైలును పలుచోట్ల నిలుపు విధానము

రోగికి చికిత్స చేయు వైద్యునికి ఆ రోగి పూర్వవృత్తాంతము తెలిసియుండుట మిక్కిలి అవసరము. క్షయరోగికి చికిత్స ప్రారంభించునాడు ఊపిరితిత్తుల ఎక్స్‌రే చిత్రము తీయుదురు. సామాన్యముగా ఆరు నెలలు సాగు ఆ చికిత్స ముగియు సమయమున మరల ఒకటి తీయవలసి రావచ్చును. రెండు చిత్రములను ప్రక్కప్రక్కల నుంచి చూచినప్పుడే మచ్చ తగ్గినదో, అట్లే యున్నదో, క్రొత్తది బయలుదేరినదో స్పష్టపడును. మొదటి చిత్రము దొరకనిచో రెండవ చిత్రమువలన కలుగవలసిన ప్రయోజనము చాలవరకు తగ్గిపోవును. ఎన్నడో మానిన పాత మచ్చను క్రొత్త వ్యాధిగా పొరబడుటకు కూడ అవకాశము కలుగును.

పూర్వము ఎక్స్‌రే ఫిల్మును పెద్ద కవరులో నుంచి రోగి చేతికిచ్చెడివారు. అది ఇంటి చూరునందో, పెట్టె అడుగుననో ఉండెడిది. నేడు అనేక ఆసుపత్రులలో చిత్రము కంప్యూటరులోనే పుట్టుచున్నది. సాంకేతిక సహాయకుడు దానిని ఆసుపత్రివారి వెబ్ అప్లికేషనునకు అప్‌లోడు చేయును. వైద్యుడు తన గదిలో కూర్చుండి దానిని తెరచి చూచును. వెబ్ పుటలోని ఫారము ద్వారా ఫైలును పంపు పద్ధతి 1995 నవంబరులో ఆర్.ఎఫ్.సి. 1867 అను పత్రమునందు వివరింపబడినది. పంపుట ఇప్పుడు సులభమే. పంపిన దానిని పది సంవత్సరముల తరువాత కూడ చెక్కుచెదరకుండ తిరిగి చూపగలుగుటయే కష్టము. ఆ పనికి తోడ్పడు ఒక విధానమును, అనగా వితరణ డేటాబేసునందు ఫైళ్లను నిలుపు పద్ధతిని, ఈ వ్యాసము వివరించును.

ఒకేచోట దాచుటవలన కలుగు చిక్కులు

చిన్న ఆసుపత్రి వెబ్ అప్లికేషను సాధారణముగా ఒక సర్వరుపై నడచును. వచ్చిన ఫైలును ఆ సర్వరు డిస్కులోనే ఒక ఫోల్డరునందు దాచి, రోగి పేరు, తేదీ, ఫైలున్న చోటు మాత్రము డేటాబేసులో వ్రాయుదురు. ఈ ఏర్పాటు కొంతకాలము చక్కగనే సాగును. తరువాత మూడు చిక్కులు ఎదురగును.

మొదటిది, డిస్కు చెడిపోవుట. డిస్కు ఒక యంత్రభాగము. ఏదో యొకనాడు చెడక తప్పదు. దానితోబాటు అందులోని చిత్రములన్నియు పోవును. డేటాబేసు వేరొక సర్వరుపై నున్నచో చిత్రము తీసిన తేదీ మిగులును గాని చిత్రము మిగులదు.

రెండవది, పని పెరుగుట. రోగుల సంఖ్య హెచ్చినప్పుడు రెండవ సర్వరును చేర్చి పనిని రెండింటికి పంచుదురు. ఉదయము మొదటి సర్వరునకు చేరిన చిత్రము మధ్యాహ్నము వైద్యుడు రెండవ సర్వరు ద్వారా అడిగినప్పుడు "ఫైలు లేదు" అని సమాధానము వచ్చును. ఫైలు ఉన్నది, కాని వెదకిన చోట లేదు. ఆత్రుతలో నున్న వైద్యునికి ఈ రెంటికిని భేదము లేదు.

మూడవది, లెక్క కుదరకపోవుట. డేటాబేసు బ్యాకప్ అర్ధరాత్రి, ఫైళ్ల బ్యాకప్ తెల్లవారుజామున తీసినచో ఆ రెంటికిని పొత్తు ఉండదు. నష్టము కలిగి వాటిని తిరిగి నిలిపినప్పుడు కొన్ని పేర్లకు చిత్రము లుండవు. కొన్ని చిత్రములకు పేర్లుండవు.

తునకలుగా చేసి దాచుట

ఈ చిక్కులను తొలగించుటకు ఫైళ్లను కూడ డేటాబేసులోనే, అదియు పలు సర్వర్లపై వ్యాపించిన డేటాబేసులో, ఉంచు పద్ధతి యొకటి కలదు. దృష్టాంతముగా 2009లో వెలువడిన మోంగోడీబీ అను డేటాబేసును గ్రహింపవచ్చును. ఇందు సమాచారమును "డాక్యుమెంటు" అను మూటలుగా ఉంచుదురు. ఒక డాక్యుమెంటు 16 మెగాబైట్లను మించరాదు. కాని రొమ్ము ఎక్స్‌రే చిత్రములు, గుండె కదలికను చూపు అల్ట్రాసౌండు దృశ్యములు ఈ హద్దును తరచుగా దాటును. అట్టి ఫైళ్లకై గ్రిడ్‌ఎఫ్‌ఎస్ అను ఏర్పాటు చేయబడినది.

గ్రిడ్‌ఎఫ్‌ఎస్ ఫైలును చిన్న చిన్న తునకలుగా కోయును. వేరుగా నిర్ణయింపనిచో ఒక్కొక్క తునక 255 కిలోబైట్లు, అనగా 2,61,120 బైట్లు ఉండును. తాటాకు పుస్తకమును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. గ్రంథమంతయు ఒకే ఆకుపై పట్టదు గదా! కావున పెక్కు ఆకులపై వ్రాసి, ప్రతి ఆకునకు సంఖ్య వేసి, దారముతో గ్రుచ్చి పెట్టెడివారు. దారము తెగి ఆకులు చెదరినను సంఖ్యలను బట్టి మరల కూర్చుకొనవచ్చును. అట్లే ప్రతి తునకపైనను రెండు గుర్తులుండును: ఇది ఏ ఫైలునకు చెందినది, ఆ ఫైలులో ఎన్నవ తునక. సంఖ్య సున్నతో మొదలగును. ఫైలు పేరు, మొత్తము పొడవు, తునక పరిమాణము, చేరిన తేదీ మొదలగునవి వేరొక పట్టికలో నుండును. అందుచేత ఈ ఏర్పాటునకు రెండు పట్టికలు: ఒకటి ఫైళ్ల వివరములకు, రెండవది తునకలకు.

లెక్క వేసి చూచినచో విషయము మరింత స్పష్టపడును. ఒక ఛాతీ ఎక్స్‌రే అడ్డముగా 2,000, నిలువుగా 2,500 చుక్కలు గలదనుకొనవలెను. మొత్తము 50 లక్షల చుక్కలు. చుక్కకు రెండు బైట్ల చొప్పున ఒక కోటి బైట్లు. దీనిని 2,61,120 బైట్ల తునకలుగా కోసినచో 38 పూర్తి తునకలును, 77,440 బైట్ల చివరి తునకయు, వెరసి 39 అగును. వైద్యుడు చిత్రము నడిగినప్పుడు 39 తునకలను వరుసగా చదివి, అతుకు కనబడకుండ కూర్చి అందింతురు. పెద్ద దృశ్యములో నడిమి భాగము మాత్రమే కావలసినచో ఆ భాగపు తునకలను మాత్రమే తెచ్చుటకును వీలు కలదు.

మూడు ప్రతులు, ఒక ప్రధాన సర్వరు

తునకలుగా చేసినంతమాత్రమున భద్రత కలుగదు. ప్రతి తునకకు పలు ప్రతులుండవలెను. అందుకై సాధారణముగా మూడు సర్వర్లను ఒక కూటముగా నిలుపుదురు. అందొకటి ప్రధాన సర్వరు. తక్కిన రెండును అనుబంధ సర్వర్లు. వ్రాతలన్నియు ప్రధాన సర్వరునకే చేరును. అనుబంధ సర్వర్లు దానిని చూచి తామును అట్లే వ్రాసికొనును.

ఈ సర్వర్లు రెండేసి సెకనుల కొకసారి ఒకదానినొకటి పలుకరించుకొనుచుండును. ప్రధాన సర్వరు 10 సెకనులపాటు పలుకనిచో మిగిలినవి తమలో నొకదానిని ప్రధాన సర్వరుగా ఎన్నుకొనును. ఎన్నికకు మొత్తము సభ్యులలో సగమునకు మించిన ఓట్లు కావలెను. కావుననే సభ్యులను మూడు, ఐదు అని బేసిసంఖ్యలో ఉంచుట మంచిది. ముగ్గురిలో ఒకరు పోయినను ఇద్దరు మిగులుదురు, పని ఆగదు. ఇద్దరు పోయినచో మిగిలిన ఒక్క సర్వరు క్రొత్త వ్రాతలను అంగీకరింపదు. ఇది లోపముగా తోచవచ్చును గాని నిజమునకు రక్షణయే. తంతులు తెగి కూటము రెండుగా చీలినప్పుడు ఇరుప్రక్కలవారును వ్రాయదొడగినచో ఒకే రోగికి రెండు వేర్వేరు వృత్తాంతములు ఏర్పడును. తరువాత ఏది నిజమో తేల్చుట దుర్లభము.

ఇచ్చట గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. ప్రధాన సర్వరు వ్రాసికొనిన వెంటనే "చేరినది" అని చెప్పినచో, ప్రతులు తయారగుటకు ముందే అది చెడిపోవచ్చును. కావున అధికసంఖ్యాక సర్వర్లు వ్రాసికొనిన తరువాతనే రసీదు ఇయ్యవలెనని నియమింపవలెను. మోంగోడీబీ 5.0 నుండి సామాన్యముగా ఇదియే వాడుక. అంతకు పూర్వపు కూర్పును వాడువారు ఈ నియమమును తామే చేర్చుకొనవలెను.

ప్రతులను ఎక్కడ ఉంచవలెను?

మూడు సర్వర్లను ఒకే గదిలో నుంచుట రైతు తన విత్తనపు ధాన్యమును మూడు కుండలలో పోసి ఒకే తాటాకు పాకలో దాచుటవంటిది. నిప్పంటుకొనినచో మూడును పోవును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము చెంత తీరము దాటినప్పుడు నగరములో విద్యుత్తును, టెలిఫోను సౌకర్యములును దినముల తరబడి స్తంభించినవి. అట్టి సమయములందే ఆసుపత్రులకు పని హెచ్చును. కావున ప్రతులను వేర్వేరు నగరములందు, వేర్వేరు విద్యుత్ కేంద్రములపై ఆధారపడునట్లు ఉంచవలెను.

రెండు చోట్ల మాత్రమే వసతి యున్నచో ఒకచోట రెండు, మరియొకచోట ఒకటి ఉంచుదురు. రెండున్న చోటికి ఆపద వచ్చినచో చిత్రములు నిలుచును గాని, సిబ్బంది చేయి చేసికొనువరకు క్రొత్త చిత్రములు చేర్చుట ఆగిపోవును. మూడు చోట్ల ఒక్కొక్కటి యుంచినచో ఏ యొక్కచోటు పోయినను పని సాగును.

ఫైలు చేరునప్పుడు పాటింపవలసిన క్రమము

ఇదివరకే నడచుచున్న అప్లికేషనునకు ఈ ఏర్పాటును చేర్చువారు తొందరపడరాదు. ముందుగా ఫైళ్లను దాచు పనిని అప్లికేషనులో ఒకేచోటికి తేవలెను. దాచుట, తెచ్చుట, ఉన్నదో లేదో చూచుట, తొలగించుట అను నాలుగు పనులను ఒక భాగమే చేయవలెను. తక్కిన భాగములకు చిత్రము డిస్కులో నున్నదో, డేటాబేసులో నున్నదో తెలియనక్కరలేదు. అటుపిమ్మట ఈ క్రమమును పాటింపవలెను.

1. పంపువాని అర్హతను మొదట పరీక్షింపవలెను. అనుమతి లేనివాని ఫైలును చేరనిచ్చి తరువాత విచారించుట పనికిరాదు.

2. పరిమాణమునకు హద్దు పెట్టవలెను. హద్దు లేనిచో ఒక్క పెద్ద ఫైలు సర్వరు నంతటిని స్తంభింపజేయగలదు.

3. ఫైలు రకమును పేరును బట్టి నమ్మరాదు. పేరు ఎవరైనను మార్చవచ్చును. లోపలి తొలి బైట్లను చూడవలెను. వైద్యచిత్రములకు వాడు డైకామ్ పద్ధతి ఫైలులో మొదటి 128 బైట్ల తరువాత డి, ఐ, సి, ఎమ్ అను నాలుగు అక్షరములుండును. అవి లేనిచో నిరాకరింపవలెను.

4. ఫైలు నంతటిని ఒక్కసారి జ్ఞాపకశక్తిలోనికి తీసికొనరాదు. వచ్చుచున్న కొలది తునకలుగా చేసి డేటాబేసునకు పంపవలెను. ఇట్లు చేసినచో ఇరువదిమంది ఒకేసారి పంపినను సర్వరు తట్టుకొనును.

5. తునకలు పోవుచుండగనే ఎస్‌హెచ్‌ఏ-256 అను గణనతో ఫైలునకు ఒక ముద్రను కట్టవలెను. ఫైలులో ఒక్క బైటు మారినను ముద్ర మారును. ఈ ముద్రను వివరములతోబాటు భద్రపరచవలెను.

6. తునకలన్నియు చేరిన తరువాత ఫైలు వివరమును, అదియు చేరిన తరువాతనే రోగి పట్టికలో చిత్రపు గుర్తును వ్రాయవలెను. ఈ క్రమము తారుమారైనచో పట్టికలో పేరుండి చిత్రము లేని స్థితి ఏర్పడును.

గ్రిడ్‌ఎఫ్‌ఎస్ ఈ పనులన్నిటిని ఒకే లావాదేవీగా ముడివేయజాలదు. కావున నడుమ విద్యుత్తు పోయినచో కొన్ని తునకలు తల్లిలేని పిల్లలవలె మిగిలిపోవును. వాటివలన రోగికి హాని లేదు. చోటు మాత్రము వృథాయగును. ప్రతి రాత్రి వెదకి వాటిని తొలగింపవలెను. అయితే ఆ క్షణమున వచ్చుచున్న ఫైలు తునకలును అట్లే కనబడును. కావున ఒక దినము దాటినవానిని మాత్రమే తొలగించుట క్షేమము.

గ్రామములోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునుండి పంపునప్పుడు తంతి సౌకర్యము తెగుట కలదు. చిత్రమును అచ్చటి కంప్యూటరులో ముందు దాచుకొని, రసీదు వచ్చువరకు మరల మరల పంపు ఏర్పాటు ఉండవలెను. ప్రతి ప్రయత్నమునకు అదే గుర్తు వాడినచో ఒకే చిత్రము రెండుసార్లు చేరకుండును. రసీదు రాకముందు మూలచిత్రమును తుడిచివేయరాదు.

పాత ఫైళ్లను తరలించుట

సంవత్సరముల తరబడి డిస్కులో చేరియున్న చిత్రములను ఒక్కరాత్రిలో తరలింప బూనరాదు. మొదట క్రొత్త చిత్రములను మాత్రము క్రొత్త చోట దాచవలెను. ఎవరైనను చిత్రము నడిగినప్పుడు ముందు క్రొత్తచోట, దొరకనిచో పాతచోట వెదకవలెను. రాత్రివేళలందు పాతవానిని కొన్ని కొన్నిగా ప్రతి చేయవలెను. ప్రతి చేసిన పిదప క్రొత్తచోటినుండి తిరిగి చదివి, రెంటి ముద్రలను సరిపోల్చవలెను. సరిపోయినవానినే పూర్తియైనవిగా లెక్కింపవలెను. సరిపోనివానిని పట్టికగా వ్రాసి మనుష్యులు పరిశీలింపవలెను. అన్నియు సరిపోయిన తరువాత కూడ కొంతకాలము పాత డిస్కును చదువుటకు మాత్రమే వీలగునట్లు ఉంచుట వివేకము.

ప్రతి వేరు, బ్యాకప్ వేరు

మూడు ప్రతులున్నవిగదా, బ్యాకప్ ఎందులకని కొందరు తలతురు. ఇది ప్రమాదకరమైన భ్రమ. పొరపాటున ఒక చిత్రమును తొలగించినచో ఆ తొలగింపు క్షణములో మూడు సర్వర్లకును ప్రాకును. దుండగులు సమాచారమును తాళము వేసి ధనమడిగినచో ఆ తాళము మూడింటికిని పడును. ప్రతులు యంత్రవైఫల్యమునుండి కాపాడును. మనుష్యుల తప్పిదమునుండియు, దురుద్దేశమునుండియు కాపాడజాలవు.

2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ సర్వర్లపై ఇట్టి దాడి జరిగినది. నమోదు, బయటి రోగుల పరీక్ష, ప్రయోగశాల మొదలగు పనులను సుమారు రెండు వారములు కాగితములపై చేయవలసివచ్చినది. దాడి సోకని బ్యాకప్ సర్వరునుండి సమాచారమును తిరిగి నిలిపిరి. అట్టి బ్యాకప్ లేనిచో ఏమై యుండెడిదో ఊహించుకొనవచ్చును.

కావున ప్రతిదినము బ్యాకప్ తీసి, ప్రధాన వ్యవస్థతో సంబంధము లేని చోట, వేరు పాస్‌వర్డుతో ఉంచవలెను. అంతేగాక మూడు నెలలకొకసారియైనను దానిని వేరొక సర్వరుపై నిలిపి, చిత్రములను తెరచి, ముద్రలను సరిచూడవలెను. పరీక్షింపని బ్యాకప్‌ను నమ్ముట పెట్టె తెరచి చూడకుండ లోపల బంగారమున్నదని నిశ్చింతగా నుండుటవంటిది.

రోగి రహస్యము

ప్రతులు పెరిగినకొలది చూచుటకు వీలుగల చోట్లును పెరుగును. కావున సర్వర్ల నడుమ ప్రయాణించు సమాచారమును, డిస్కుపై నిలిచియున్న సమాచారమును కూడ ఇతరులకు బోధపడని సంకేతరూపమున ఉంచవలెను. ఎవరు ఏ చిత్రమును ఎప్పుడు చూచిరో నమోదు చేయవలెను. ఫైలు పేరులో రోగి పేరుగాని, వ్యాధి పేరుగాని ఉండరాదు. వ్యక్తుల డిజిటల్ సమాచారమును రక్షించుటకు భారత పార్లమెంటు 2023లో ప్రత్యేక చట్టమును చేసినది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటికి విస్తరింపబడిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడ రోగుల వృత్తాంతము లన్నిటిని ఒకే కేంద్రమున కుప్పపోయదు. అవి పుట్టిన ఆసుపత్రియందే యుండును; రోగి సమ్మతిపై మాత్రమే వేరొకరికి చేరును. అందుచేత చిత్రమును భద్రపరచు బాధ్యత ప్రతి ఆసుపత్రిపైనను ఉన్నదని గ్రహింపవలెను.

ఏ సంస్థకు ఏది తగును?

ఈ పద్ధతి అందరికిని తగునని చెప్పరాదు. ఫైళ్లన్నియు 16 మెగాబైట్లకు లోబడినవైనచో తునకలు చేయక ఒక్కొక్కటి ఒక్కొక్క డాక్యుమెంటుగా ఉంచవచ్చును. మధ్యస్థమైన ఆసుపత్రికి, ముఖ్యముగా ఇదివరకే ఇట్టి డేటాబేసును వాడువారికి, గ్రిడ్‌ఎఫ్‌ఎస్ అనుకూలము. వివరములును, చిత్రములును ఒకే కూటములో, ఒకే బ్యాకప్‌లో ఇముడును. కూటము పెరిగినచో ఫైలు గుర్తును బట్టి తునకలను పలు కూటములకు పంచుటకును వీలున్నది. కాని సి.టి. చిత్రములు వేలకొలది చేరు పెద్ద ఆసుపత్రులలో డేటాబేసు బరువెక్కి, బ్యాకప్ తీయుటకే చాల కాలము పట్టును. 300 పొరలు గల ఒక్క సి.టి. పరీక్షయే సుమారు 150 మెగాబైట్లు ఉండవచ్చును. అట్టివారు ఫైళ్లకై ప్రత్యేకించిన వస్తు భాండారములను వాడి, వివరములను మాత్రము డేటాబేసులో ఉంచుట మేలు. దాచు పనిని ముందే ఒకేచోటికి తెచ్చినవారికి ఈ మార్పు కష్టము కాదు.

పౌరులు కూడ తమవంతు జాగ్రత్త వహింపవలెను. ఆసుపత్రిలో తీసిన చిత్రపు ప్రతిని అడిగి తీసికొనుట, పరీక్ష తేదీని, రోగి సంఖ్యను వ్రాసి యుంచుకొనుట, క్రొత్త వైద్యుని చూచునప్పుడు పాత చిత్రములను వెంట తీసికొనిపోవుట మంచి అలవాట్లు. ఆసుపత్రి నిర్వాహకులు తమ సిబ్బందిని అడుగవలసిన ప్రశ్నలు మూడే: ఈ దినము ఒక సర్వరు చెడిపోయినచో చిత్రములు కనబడునా? ఈ నగరమునకే ఆపద వచ్చినచో నిలుచునా? బ్యాకప్‌ను కడపటిసారి తెరచి చూచినది ఎప్పుడు? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె ఈ ప్రశ్నలకు నేడే సమాధానము రాబట్టుట రోగికిని, వైద్యునికిని శ్రేయస్కరము.